స్వభావమా, సంభాషణా? – కన్ను తన కటకాన్ని తిరిగి కట్టుకున్న కథ



తెలుగు పండితుడికి కప్పల కళ్ళతో పనేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. ఆ ఆశ్చర్యానికి ముందుగా సమాధానం చెప్పుకుని కథలోకి వెళ్తాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఏడవ తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. బిళ్ళంగోడు ఆడుతుండగా బిళ్ళ ఎగిరివచ్చి ఎడమ కంటికి తగిలింది. ఆ కంటి చూపు పోయింది. కొన్ని నెలల తరువాత ఒకనాడు పాఠం మధ్యలో తరగతి గోడమీది బల్లిని చూపించి, "మాస్టారండీ, బల్లికి తోక తెగితే మళ్ళీ వస్తుంది కదా, నా కన్ను మళ్ళీ ఎందుకు రాదండీ?" అని అడిగాడు. నేను, "అది బల్లి స్వభావం నాయనా, మన స్వభావం వేరు" అన్నాను. వాడు తలవంచుకుని కూర్చున్నాడు. ఆ మాటతో పాఠం ముందుకు సాగింది గాని, ప్రశ్న అక్కడే ఆగిపోయింది.

రెండేళ్ళ క్రితం నా కుడి కంటికి శుక్లం తీసి కృత్రిమ కటకం అమర్చారు. కట్టు విప్పిన తరువాత, తీసేసిన సహజ కటకం తిరిగి పెరుగుతుందా అని వైద్యుణ్ణి అడిగాను. ఆయన నవ్వి, "మనకు పెరగదండీ, న్యూట్‌కైతే పెరుగుతుంది" అన్నారు. ఆ చివరి మాట పట్టుకుని ఇంటికి వచ్చాను. చూపు కుదుటపడ్డాక దొరికినవన్నీ చదివాను. చదివినకొద్దీ నలభయ్యేళ్ళ నాటి ఆ కుర్రవాడు కళ్ళముందు మెదిలాడు. "స్వభావం" అన్న నా సమాధానం సమాధానమే కాదని తెలిసివచ్చింది. ఈ వ్యాసం ఆ ఎరుకలోంచి పుట్టింది.

న్యూట్ అంటే చూడడానికి బల్లిలా ఉంటుంది గాని బల్లి కాదు. కప్పలాగా ఉభయచరం, తడిచర్మం, నీటిలో గుడ్లు, పొడవాటి తోక. సాలమాండర్ల కుటుంబంలోది. ఐరోపా, అమెరికా, జపాన్ చెరువులలో ఇవి సాధారణం. మన దేశంలో ఈ కుటుంబపు జీవి డార్జిలింగ్ వైపు హిమాలయపు కొండలలో ఉంది. మన తెలుగునేలమీద లేదు. అందుకే మన భాషలో దానికి ఇంటిపేరు లేదు. న్యూట్ అనే పిలుచుకుందాం.

కంటి నిర్మాణం గురించి నాలుగు మాటలు చెప్పుకుంటే తరువాతి కథ సుగమం అవుతుంది. కంటికి ముందున్న పారదర్శకమైన పొర కార్నియా. దాని వెనుక రంగుగల వలయం ఐరిస్. నల్లకళ్ళు, నీలికళ్ళు అని మనం అనేది దాని రంగును బట్టే. వలయం మధ్యనున్న రంధ్రం కంటిపాప. పాప వెనుక కటకం. అన్నిటికన్నా వెనుక, కంటిగోడకు లోపలి అస్తరులాగా రెటీనా ఉంటుంది. ఈ రెటీనాను నాడీకణజాలమని గుర్తుపెట్టుకోవాలి. పిండదశలో మెదడే రెండు వైపులా బుడగలుగా పొడుచుకువచ్చి, ఆ బుడగలు గిన్నెలుగా మడతపడి రెటీనా అవుతాయి. ఐరిస్ లోపలి పొర కూడా ఆ గిన్నె అంచునుంచి వచ్చినదే. కటకం మాత్రం అలా కాదు. అది పిండం పైచర్మంలోంచి పుడుతుంది. అంటే కంటిలో కొంత భాగం మెదడు బిడ్డ, కొంత భాగం చర్మపు బిడ్డ. ఈ జన్మభేదం మీదే మన కథ అంతా నడుస్తుంది.

తొలి పరిశీలకులు

1768లో ఇటలీ దేశీయుడు లజారో స్పల్లన్జానీ ఒక చిన్న గ్రంథంలో సాలమాండర్ల కాళ్ళు, తోక, దవడలు తెగినా తిరిగి మొలుస్తాయని ప్రకటించాడు. విద్వల్లోకం విస్తుపోయింది. ఆయనతో ఉత్తరప్రత్యుత్తరాలు నడుపుతున్న జెనీవా పండితుడు షార్ల్ బొనే, 1780 ప్రాంతంలో న్యూట్ కంటిని తొలగించి చూస్తే కొంతకాలానికి ఆ చోట కన్ను మళ్ళీ ఏర్పడిందని రాశాడు. కంటిలో కొంత భాగం మిగిలి ఉంటేనే ఇది సాధ్యమని తరువాతివారు తేల్చారు.

ఇక్కడొక విషయం నా మనసును తాకింది. ఈ బొనే యౌవనంలోనే సూక్ష్మదర్శినిమీద కళ్ళు అరగదీసుకుని, చూపు మందగించినవాడు. ఆయన తాతగారు షార్ల్ లులాన్ శుక్లాలతో చూపు పోగొట్టుకున్నాడు; లేని మనుషులు, పక్షులు, భవనాలు కళ్ళముందు కదలడం ఆయనకు కనిపించేది. మనవడు ఆ సంగతిని 1760లో గ్రంథస్థం చేశాడు. వైద్యశాస్త్రంలో ఆ స్థితిని నేటికీ బొనే పేరుతోనే పిలుస్తారు. తాత చూపు పోవడం కళ్ళారా చూసినవాడు, తన చూపు కూడా సన్నగిల్లుతున్నవాడు, ఒక చిన్న నీటిప్రాణికి కన్ను తిరిగి రావడాన్ని గమనిస్తూ కూర్చున్నాడు. ఆయన ఏమనుకున్నాడో మనం ఊహించుకోవలసిందే.

1823లో ట్వీడీ జాన్ టాడ్ అనే ఆంగ్ల వైద్యుడు మరొక మెట్టు ఎక్కాడు. సాలమాండర్ కాలు తెగినప్పుడు, ఆ కాలికి వెళ్ళే నాడిని కూడా కోసేస్తే, కాలు తిరిగి మొలవదని గమనించాడు. అంటే "మొలవడం దాని స్వభావం" అనుకున్న కాలు, నాడి తోడు లేకపోతే ఆ స్వభావాన్ని మరిచిపోతోంది! దాదాపు నూట ఇరవై ఏళ్ళ తరువాత అమెరికాలో మార్కస్ సింగర్ ఈ సంగతిని లెక్కలు కట్టి మరీ చూశాడు. తెగినచోటికి నిర్ణీత మోతాదుకు తగ్గకుండా నాడీతంతువులు అందాలి. అవి స్పర్శను మోసే నాడులా, కండరాన్ని కదిలించే నాడులా అన్నది ముఖ్యం కాదు, పరిమాణమే ముఖ్యం అని తేల్చాడు. కంటి కథలో నాడి మాట రాకముందే, కాలి కథలో దాని మాట ఇలా వచ్చింది.

కొలూచీ, వోల్ఫ్

1891లో విన్చెంజో కొలూచీ అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు బొలోన్యా అకాడమీ ప్రచురణలలో న్యూట్ కంటి పాక్షిక పునరుత్పత్తిపై ఒక పత్రం వెలువరించాడు. కటకాన్ని తొలగిస్తే ఐరిస్ పై అంచులోంచి కొత్త కటకం పుడుతోందని అందులో రాశాడు. నాలుగేళ్ళ తరువాత, 1895లో, జర్మనీకి చెందిన గుస్టావ్ వోల్ఫ్ అదే సంగతిని స్వతంత్రంగా కనుగొని ప్రకటించాడు. శాస్త్రలోకం ఈ విచిత్రానికి "వోల్ఫ్ పునరుత్పత్తి" అని పేరు పెట్టింది. కొలూచీ పేరు చాలాకాలం అట్టడుగున ఉండిపోయింది. కావ్యకర్తృత్వాల తగాదాలు చదివి చదివి ఉన్న నాబోటివాడికి ఇది కొత్తకాదు. వోల్ఫ్‌ను తప్పుపట్టనక్కరలేదు, ఆయన అన్వేషణ ఆయనదే. కాని ముందు చెప్పినవాడి పేరు కూడా మనం ఒకసారి పలకడం ధర్మం. అందుకే ఇక్కడ కొలూచీ పేరు ముందు రాశాను.

ఈ అన్వేషణ అంత దుమారం ఎందుకు రేపిందో చెప్పాలి. కటకం చర్మపు బిడ్డ అనుకున్నాం కదా. పిండదశలో చర్మంలోంచి పుట్టిన వస్తువు, పోయి తిరిగి పుట్టేటప్పుడు మెదడు వంశానికి చెందిన ఐరిస్ లోంచి పుడుతోంది. తల్లి మారిపోయింది! ఒక్కొక్క అవయవం పిండంలోని ఒక్కొక్క పొరకు చెందుతుంది, ఆ గీత దాటదు అని నమ్ముతున్న రోజులవి. పైగా ఐరిస్ కణాలు అప్పటికే పెరిగి, రంగు నింపుకుని, తమ వృత్తిలో స్థిరపడిన కణాలు. అవి రంగు వదిలేసి, విభజన చెంది, పారదర్శకమైన కటకపు కణాలుగా మారిపోతున్నాయి. కుమ్మరి కులవృత్తి వదిలి నేతపనికి వెళ్ళినట్లన్నమాట.

వోల్ఫ్ దీన్ని డార్విన్ వాదానికి వ్యతిరేకంగా ప్రయోగించాడు. ఆయన తర్కం ఇది: చెరువులో బ్రతికే న్యూట్‌కు, కన్ను చెక్కుచెదరకుండా కటకం ఒక్కటే పోవడం ప్రకృతిలో జరగదు, అది శస్త్రవైద్యుడి కత్తికి మాత్రమే సాధ్యం. ఎన్నడూ రాని ఆపదకు ప్రకృతి వరణం మందు ఎలా సిద్ధం చేసి ఉంచుతుంది? కనుక జీవిలోనే ప్రయోజనాన్ని ఎరిగి వర్తించే గుణమేదో సహజంగా ఉందని ఆయన నిర్ణయించాడు. అటుపక్క ఆగస్ట్ వైజ్మన్, ఏ అవయవానికి దెబ్బ తగిలే అవకాశం ఎక్కువో దానికే తిరిగి మొలిచే శక్తి ప్రకృతి వరణం ద్వారా అబ్బుతుందని వాదించేవాడు. ఇద్దరూ "ఎందుకోసం" అని వాదించుకున్నారు. "ఎలా" అన్న ప్రశ్నకు వారి వాదంలో చోటు దొరకలేదు. వోల్ఫ్ చెప్పిన "సహజ ప్రయోజనగుణం", నేను తరగతిలో చెప్పిన "స్వభావం" – రెండూ ఒకే తాను ముక్కలని నాకు అనిపిస్తుంది. రెండూ తలుపు మూసే మాటలే.

ష్పేమన్ వేడిసూది

"ఎలా" అని అడిగినవారిలో ప్రథముడు హన్స్ ష్పేమన్. 1901లో ఆయన కప్ప పిండంమీద ఒక ప్రయోగం చేశాడు. మెదడు నుంచి పొడుచుకువచ్చే కంటిబుడగ, చర్మాన్ని తాకకముందే దాన్ని వేడిసూదితో కాల్చివేశాడు. చర్మాన్ని మాత్రం ముట్టుకోలేదు. అయినా ఆ చర్మంలో కటకం పుట్టలేదు. అంటే చర్మంలో కటకం దానంతటది పుట్టడం లేదు. మెదడు వంశపు బుడగ వచ్చి తాకితేనే పుడుతోంది. 1904లో అమెరికాలో వారెన్ లూయిస్ కంటిబుడగను వేరేచోటి చర్మం కిందకు మార్చి, అక్కడ కూడా కటకం పుట్టించగలిగినట్లు ప్రకటించాడు.

కథ ఇంత సులువుగా ముగియలేదు. మరొక జాతి కప్పలో బుడగను తొలగించినా కటకం పుట్టడాన్ని ష్పేమన్ స్వయంగా గమనించి, దాచకుండా రాశాడు. బుడగ తాకడానికి ముందునుంచే పిండంలోని ఇతర కణజాలాలు చర్మాన్ని కటకానికి సిద్ధం చేస్తూ ఉంటాయని తరువాతి దశాబ్దాలలో తెలిసింది. బుడగ చెప్పేది చివరి మాట మాత్రమే. ఒక కణజాలం మరొక కణజాలాన్ని ప్రేరేపిస్తుందన్న ఈ భావానికి ష్పేమన్ తరువాత చేసిన పనికి 1935లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు ప్రశ్న సహజంగానే ముందుకు జరిగింది. పిండంలో కటకాన్ని పిలిచింది నాడీకణజాలం. మరి పెరిగిన న్యూట్‌లో, ఐరిస్‌ను కటకంగా మారమని పిలుస్తున్నది ఎవరు?

స్టోన్ అడ్డుపెట్టిన పొర

దీనికి స్పష్టమైన సమాధానం అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన లియాన్ స్టోన్ నుంచి వచ్చింది. న్యూట్ కళ్ళను ఒక జీవినుంచి మరొక జీవికి మార్చి, అవి మళ్ళీ చూసేలా చేసిన దిట్ట ఆయన. 1950ల దశకంలో ఆయన చేసిన ప్రయోగాలలో రెండింటిని చెబుతాను.

ఒకటి: న్యూట్ కంటిలోంచి కటకాన్ని, రెటీనాను రెంటినీ తొలగించడం. న్యూట్‌కు రెటీనా కూడా తిరిగి వస్తుంది. వెనుకనున్న రంగుపొర కణాలు దాన్ని నిర్మిస్తాయి. అటువంటి కంటిలో ఐరిస్ వెంటనే పనిలోకి దిగదు, వేచి ఉంటుంది. కొత్త రెటీనా తయారైన తరువాతే కొత్త కటకం మొదలవుతుంది.

రెండు: రెటీనాను తొలగించకుండా, కటకాన్ని మాత్రం తీసి, ఐరిస్ పై అంచుకూ రెటీనాకూ మధ్య ఒక పలుచని పొరను అడ్డుగా దూర్చడం. 1958లో దీన్ని ప్రకటించాడు. ఐరిస్ ఉంది, రెటీనా ఉంది, కటకం లేని కన్ను ఉంది, ప్రాణి ఆరోగ్యంగా ఉంది. మధ్యలో తెర మాత్రం పడింది. కటకం పుట్టలేదు.

ఈ రెండవ ప్రయోగం చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఐరిస్‌లో శక్తి ఉంది, అయినా ఆ శక్తి మేల్కొనడానికి ఒక మాట వినిపించాలి. ఆ మాట పలికేది రెటీనా, అంటే నాడీకణజాలం. "స్వభావం" అన్నది ఒంటరిగా ఉన్న వస్తువులో కాదు, రెండు వస్తువుల మధ్య జరిగే సంభాషణలో ఉంది.

ఆ మాట నాడుల ద్వారా పరిగెత్తే సంకేతమా, లేక కంటిలోని ద్రవంలోకి రెటీనా వదిలే పదార్థమా? 1973లో త్సునేయో యమదా, ఆయన సహచరులు ఐరిస్‌ను కంటిలోంచి బయటికి తీసి, గాజుపాత్రలో కప్ప రెటీనాతో కలిపి పెంచారు. ఐరిస్ కటకంగా మారింది. మెదడుతో ఏ సంబంధమూ లేని పాత్రలో, వేరే జాతి ప్రాణి రెటీనా మాట కూడా న్యూట్ ఐరిస్‌కు అర్థమయింది. కనుక అది మెదడు పంపే ఆజ్ఞ కాదు. రెటీనా నుంచి వెలువడే పదార్థమేదో ఆ పని చేస్తోంది.

కాలికీ కంటికీ కలిసిన దారి

అదే 1973లో రాండల్ రేయర్ బృందం మరొక చిత్రం చూపింది. న్యూట్ ఐరిస్ పై భాగాన్ని తీసి, కాలు తెగి కొత్తగా మొలుస్తున్న మొగ్గలో నాటారు. అక్కడ రెటీనా లేదు, కన్నే లేదు. అయినా ఐరిస్ కటకాన్ని తయారుచేసింది! టాడ్ కాలంనుంచీ నాడి తోడు కావాలని తెలిసిన ఆ మొగ్గలో, రెటీనా మాటకు దగ్గరి మాట ఏదో వినిపిస్తోందన్నమాట. 1976లో మరికొందరు, పీయూషగ్రంథిని న్యూట్ కంటిలో నాటితే రెండవ కటకం పుట్టడాన్ని చూపించారు. కాలి కథ, కంటి కథ ఎక్కడో కలుస్తున్నాయని అనుమానం బలపడింది.

ఆ పదార్థాలలో ఒకటి ఫైబ్రోబ్లాస్ట్ గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ల కుటుంబానికి చెందినదని తరువాత తేలింది. 2004లో జపాన్ శాస్త్రజ్ఞులు ఆ కుటుంబంలోని రెండవ రకాన్ని, కటకం తీయని కంటిలోకే ఎక్కించారు. సొంత కటకం ఉండగానే, ఐరిస్ పై అంచునుంచి రెండవ కటకం బయలుదేరింది. ప్రయోగశాలలలో విరివిగా వాడే జెనోపస్ అనే ఆఫ్రికా కప్పలోనూ ఇదే ధోరణి. అందులో తోకకప్ప దశలో కటకం పోతే, ఐరిస్ లోంచి కాక, కార్నియా వెలుపలి పొరలోంచి కొత్తది పుడుతుందని 1963లో గ్యారీ ఫ్రీమన్ చూపాడు. అక్కడ కూడా రెటీనావైపునుంచి వచ్చే పదార్థం కార్నియాకు చేరాలి. కార్నియా లోపలి పొర, కటకం ఆ దారికి అడ్డుగా ఉన్నంతకాలం ఏమీ జరగదు. 1997లో ఇటలీ పరిశోధకులు పాత్రలో ఆ కార్నియాకు ఇదే కుటుంబపు ప్రోటీన్ అందించి కటకపు కణాలను రాబట్టారు. ప్రాణి వేరు, కటకానికి తల్లి అయ్యే పొర వేరు, పిలుపు మాత్రం ఒకే తెగది.

మట్టి, కుమ్మరి, అడ్డు

ఇక్కడ నా పండితశిక్షణ నన్ను ఊరుకోనివ్వలేదు. చిన్నప్పుడు తర్కసంగ్రహం వల్లించినవాణ్ణి. కుండకు మట్టి సమవాయికారణం, కుమ్మరి నిమిత్తకారణం అని చదువుకున్నాం. ఆ లెక్కన కటకానికి ఐరిస్ మట్టి, రెటీనా కుమ్మరి. ఇంతవరకు సరిపోయింది. కాని నైయాయికులు మరొక సూక్ష్మం చెబుతారు. నిప్పు దగ్గర కట్టె ఉన్నా, మధ్యలో ఒక విశేషమైన మణి ఉంటే దహనం జరగదు. మణిని తీసేస్తే జరుగుతుంది. కాబట్టి ప్రతిబంధకం లేకపోవడం కూడా కారణాలలో ఒకటి. మీమాంసకులు ఇందుకు ఒప్పుకోరు. నిప్పులో దహనశక్తి అని వేరుగా ఒకటి ఉందనీ, మణి ఆ శక్తిని పోగొడుతుందనీ అంటారు.

న్యూట్ కన్ను ఈ వాదానికి సరిగ్గా సరిపోయే ఉదాహరణగా నాకు తోచింది. కటకం ఉన్నంతకాలం ఐరిస్ కదలదు. రెటీనా మాట్లాడుతూనే ఉన్నా, పాత కటకమే మణిలాగా అడ్డుపడుతోంది. దాన్ని తీసేస్తే పని మొదలవుతుంది.

మరొక చిక్కు ఉంది. మామూలుగా కటకం ఐరిస్ పై అంచునుంచే పుడుతుంది, కింది అంచునుంచి ఎన్నడూ పుట్టదు. వోల్ఫ్ కాలంనుంచీ తెలిసిన సంగతే. 1930లలో తదావో సాతో ఐరిస్‌ను భాగాలుగా విడదీసి ఈ శక్తి పై సగంలో ఎంతమేర ఉందో కొలిచాడు. కటకం తీసేయగానే కింది అంచు కణాలలో కూడా కదలిక కనిపిస్తుంది, కాని అవి మధ్యలోనే ఆగిపోతాయి. రెటీనా మాట రెంటికీ వినిపిస్తున్నప్పుడు, పై అంచు మాత్రమే ఎందుకు పూర్తిగా స్పందిస్తుంది? కింది అంచులో శక్తి లేదు అనుకుందామా? అది మీమాంసకుడి దారి. కాని 1970లలో గోరో ఎగూచీ బృందం ఐరిస్ కణాలను విడివిడిగా చేసి, రెటీనా లేకుండానే చాలాకాలం పాత్రలో పెంచితే, కింది అంచు కణాలు కూడా కటకపు కణాలుగా మారాయి. 2005లో అమెరికాలో పనాయోటిస్ సోనిస్ బృందం, కణాలకు అందే ఒక నిరోధక సంకేతాన్ని అణచివేయడం వంటి ఉపాయాలతో, కింది అంచునుంచి కూడా కటకాన్ని పుట్టించింది. అంటే కింది అంచులోనూ శక్తి ఉంది. దాన్ని ఏదో బిగపట్టి ఉంచుతోంది. నైయాయికుడు ఇక్కడ మీసం దువ్వుకోవచ్చు.

ఉపమానంతో శాస్త్రం నిర్ణయం కాదని నాకు తెలుసు. తర్కసంగ్రహంలో ఎవరూ న్యూట్ గురించి రాయలేదు, "అన్నీ మన పుస్తకాలలోనే ఉన్నాయష" అనే ధోరణి నాకు సమ్మతం కాదు. పాత్ర తయారుచేసుకున్నదీ, పొర అడ్డుపెట్టి చూసిందీ వారే. నా పాత చదువు నాకు కొత్త విషయం అర్థం కావడానికి ఒక మెట్టు అయింది, అంతే.

పద్దెనిమిది సార్లు

చివరగా ఒక దీర్ఘకాలపు ప్రయోగం. గోరో ఎగూచీ, ఆయన సహచరులు అవే న్యూట్‌ల కటకాలను 16 సంవత్సరాలలో 18 సార్లు తొలగించారు. తీసిన ప్రతిసారీ కొత్తది వచ్చింది. ప్రయోగం ముగిసేనాటికి ఆ ప్రాణుల వయసు కనీసం 30 ఏళ్ళు. పదిహేడవ, పద్దెనిమిదవ కటకాలను పరీక్షిస్తే, ఎన్నడూ కత్తి తగలని చిన్న వయసు న్యూట్ కటకాలకూ వీటికీ నిర్మాణంలో తేడా కనబడలేదు. 2011లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ముసలితనం ఆ సంభాషణను చెరపలేదన్నమాట. అరవై దాటిన నాకు ఈ వాక్యం రాస్తున్నప్పుడు కలిగిన అసూయను మిత్రులు మన్నించాలి.

మరి మనిషి సంగతి? మన రెటీనా కూడా నాడీకణజాలమే, మన ఐరిస్ కూడా ఆ గిన్నె అంచునుంచి వచ్చినదే. ఫైబ్రోబ్లాస్ట్ గ్రోత్ ఫ్యాక్టర్లు మన ఒంట్లోనూ ఉన్నాయి. అయినా మన ఐరిస్ కటకాన్ని కట్టదు. 2016లో చైనా, అమెరికా వైద్యులు కలిసి, పుట్టుశుక్లాలు ఉన్న 12 మంది పసిపిల్లలలో, కటకపు సంచిని, దానికి అంటిపెట్టుకున్న కణాలను జాగ్రత్తగా మిగిల్చి శస్త్రచికిత్స చేస్తే, ఆ కణాలే తిరిగి కటకాన్ని ఏర్పరిచాయని ప్రకటించారు. అది న్యూట్ దారి కాదు; కటకం మిగిల్చిన శేషంలోంచి కటకం రావడం. ఐరిస్ వేషం మార్చడం మాత్రం మనకు ఇంకా రాదు. మన కంటిలో మాట్లాడేవాడు మూగవాడయ్యాడా, వినేవాడు చెవిటివాడయ్యాడా, లేక మధ్యలో మణి ఏదైనా అడ్డుపడిందా? ప్రశ్న ఇప్పుడు ఈ రూపం దాల్చింది. ఈ రూపంలో ఉన్న ప్రశ్నను పట్టుకుని ప్రయోగం చేయవచ్చు. "స్వభావం" అన్న మాటను పట్టుకుని ఏ ప్రయోగమూ చేయలేం.

ఆ కుర్రవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. యాభై ఏళ్ళు దాటి ఉంటాడు. వాడికి నేను అబద్ధపు ఆశ పెట్టి ఉండకూడదు. నీ కన్ను వస్తుందని అనకూడదు. కాని, "నాయనా, మంచి ప్రశ్న అడిగావు. మన కంటికి ఎందుకు రాదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ప్రయత్నిస్తున్నవాళ్ళు ఉన్నారు. నువ్వు కూడా చదువు" అని అనవలసింది. ఆ నాలుగు ముక్కలు ఆనాడు నా నోటినుంచి రాలేదు. ఆ పిల్లవాడికీ అతని ప్రశ్నకూ మధ్య తెర దూర్చింది నేనే.

ఇన్నాళ్ళకైనా ఆ తెర తీద్దామని ఇదంతా రాశాను. మీలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఉంటే, పిల్లవాడు బల్లిని చూపించి అడిగినప్పుడు తొందరపడి "స్వభావం" అనకండి. ఇందులో శాస్త్రవిషయంగా నేను పొరబడిన చోటు ఏదైనా కనిపిస్తే, తెలిసినవారు సవరిస్తే కృతజ్ఞుణ్ణి.

సెలవు.